కౌమారంలో కుంగుబాటు, ఆందోళన: నిపుణుల సాయం

డిప్రెషన్‌గా వ్యవహరించే కుంగుబాటు, యాంగ్జైటీగా వ్యవహరించే ఆందోళన కౌమార దశలో ఎక్కువగా కనిపించే మానసిక అనారోగ్యాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వయసును కౌమారంగా లెక్కిస్తుంది. ఈ వయసులో ఉన్న ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని ఆ సంస్థ అంచనా. ఈ రెండు రుగ్మతలకూ పరిశోధనల్లో నిగ్గుతేలిన చికిత్సలు ఉన్నాయి. తగిన సాయం అందిన పిల్లల్లో ఎక్కువ మంది కోలుకుని చదువుకు, స్నేహాలకు, ఆటలకు తిరిగివస్తారు. అయినా మన దేశంలో అత్యధికులు వైద్యం దాకా చేరడం లేదు. చేరేవారు కూడా జబ్బు ముదిరాకే వస్తున్నారు. అందుకే ఈ అనారోగ్యాల గురించి తెలుసుకోవలసిన వాటిలో మొదటిది, ఎవరి దగ్గరికి, ఎప్పుడు, ఎలా వెళ్లాలన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకుని ఆ దారిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లక్షణాలు

బాధ, భయం, కోపం ఈ వయసులో సహజం. పరీక్ష ముందు గుండె దడదడలాడడం, స్నేహితుడితో మాటపట్టింపు వచ్చి రెండు రోజులు ముభావంగా ఉండడం రుగ్మతలు కావు. వైద్యులు మూడు విషయాలు చూస్తారు: బాధ ఎంతకాలంగా ఉంది, ఎంత తీవ్రంగా ఉంది, రోజువారీ జీవితాన్ని ఎంత దెబ్బతీస్తోంది.

కుంగుబాటును నిర్ధారించాలంటే కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం లక్షణాలు ఉండాలి. మనసు దిగాలుగా ఉండడం, ఇంతకుముందు ఇష్టపడిన పనుల మీద ఆసక్తి పోవడం ప్రధాన లక్షణాలు. వీటికి తోడు నిద్ర తగ్గడం లేదా అతిగా పెరగడం, ఆకలిలో మార్పు, నీరసం, దేని మీదా దృష్టి నిలవకపోవడం, తాను దేనికీ పనికిరాననే భావన, చావు గురించిన ఆలోచనలు ఉండవచ్చు. పెద్దల్లో దిగులుగా కనిపించే జబ్బు పిల్లల్లో తరచూ చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. ఎదురు మాట్లాడుతున్నాడని, మొండికేస్తోందని ఇంట్లోవాళ్లు విసుక్కునే ప్రవర్తన వెనక కుంగుబాటు ఉండే అవకాశం ఉంది. వైద్యుల ప్రమాణ గ్రంథాలు సైతం పిల్లల విషయంలో చిరాకును దిగులుతో సమానమైన లక్షణంగానే గుర్తిస్తాయి.

ఆందోళన పలు రూపాల్లో వస్తుంది. ప్రతి చిన్న విషయానికీ నెలల తరబడి కలత చెందడం ఒక రూపం. నలుగురిలో మాట్లాడాలన్నా, తరగతిలో లేచి నిలబడాలన్నా వణికిపోవడం మరొకటి. ఏ కారణమూ లేకుండా ఒక్కసారిగా గుండె వేగం పెరిగి, ఊపిరాడక, చచ్చిపోతున్నానేమో అనిపించే పానిక్ దాడి ఇంకొకటి. ఇంటికి దూరమైన పిల్లలను పట్టే తీవ్రమైన బెంగ కూడా కొందరిలో రుగ్మత స్థాయికి చేరుతుంది. కుంగుబాటు, ఆందోళన ఒకే పిల్లవాడిలో కలిసి ఉండడం తరచూ కనిపించేదే.

తెలుగు ఇళ్లలో పిల్లలు ఈ బాధను చాలాసార్లు ఒంటి బాధగానే చెబుతారు. తలనొప్పి, కడుపులో తిప్పడం, ఛాతీలో పట్టేసినట్టుండడం, ఒళ్లు తేలిపోవడం వంటి ఫిర్యాదులతో ముందు ఫిజీషియన్ దగ్గరికే వెళతారు. రక్తపరీక్షలు, ఈసీజీ, స్కానింగ్ అన్నీ మామూలుగా వచ్చాక ‘ఏమీ లేదు, గ్యాస్ ట్రబుల్’ అన్న మాటతో తిరిగి వస్తారు. నొప్పి మాత్రం నిజమైనదే. పరీక్షల్లో ఏదీ తేలకుండా శరీర బాధలు వారాల తరబడి సాగుతుంటే మనసు సంగతి కూడా అడిగి చూడాలి.

వ్యాప్తి

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. ఆ సర్వే 13–17 ఏళ్ల వారిలో మానసిక రుగ్మతలు 7.3 శాతం మందికి ఉన్నట్టు తేల్చింది. దేశం మొత్తానికి లెక్క కడితే అది సుమారు 98 లక్షల మంది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. సాధారణ మానసిక రుగ్మతలున్న పెద్దల్లో దాదాపు 85 శాతానికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే వెల్లడించింది. తమంతట తాము ఆస్పత్రికి వెళ్లగల పెద్దల పరిస్థితే ఇలా ఉంటే, మరొకరు తీసుకెళితే తప్ప వెళ్లలేని పిల్లల సంగతి ఊహించవచ్చు.

వైద్యుల కొరత మరో వాస్తవం. దేశంలో లక్ష జనాభాకు సుమారు 0.75 మంది సైకియాట్రిస్టులు ఉన్నారన్నది విస్తృతంగా ఉటంకించే అంచనా. ఉన్నవారిలోనూ ఎక్కువ మంది నగరాల్లోనే పనిచేస్తున్నారు. పిల్లల మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందినవారు ఇంకా అరుదు.

తెలుగు రాష్ట్రాల్లో చదువుల నేపథ్యం

ఏ రుగ్మతకూ ఒకే కారణం ఉండదు. వంశపారంపర్యం, మెదడు ఎదుగుదల, ఇంటి వాతావరణం, ఎదుర్కొన్న వేధింపులు, హింస, పేదరికం, శారీరక జబ్బులు, నిద్రలేమి అన్నీ కలిసి పనిచేస్తాయి. అయితే తెలుగు రాష్ట్రాల్లో 15–17 ఏళ్ల పిల్లల జీవితాన్ని అన్నిటికంటే ఎక్కువగా శాసించేది ఇంటర్మీడియట్ చదువే. పదో తరగతి పూర్తవగానే వేలాది మంది పిల్లలు ఇల్లు వదిలి రెసిడెన్షియల్ కాలేజీల హాస్టళ్లకు వెళతారు. తెల్లవారకముందే మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కుల ప్రకారం సెక్షన్ల మార్పు, జేఈఈ, నీట్, ఎప్‌సెట్ ర్యాంకుల లెక్కలు వారి దినచర్య. ఇంటికి ఫోన్ చేయాలన్నా, అవుటింగ్‌కు వెళ్లాలన్నా వార్డెన్ అనుమతి కావాలి. బాధ చెప్పుకునే అమ్మ, అమ్మమ్మ, వీధిలోని స్నేహితులు ఒక్కసారిగా దూరమయ్యే వయసూ, మానసిక రుగ్మతలు తొలిసారి బయటపడే వయసూ ఒకటే కావడం గమనించవలసిన విషయం.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో పొరపాట్లు దొర్లినప్పుడు వరుసగా విద్యార్థుల మరణాలు సంభవించి రాష్ట్రాన్ని కలచివేశాయి. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్ష ఫలితం ఒక్కటే ఇలాంటి మరణానికి కారణమని చెప్పడం సరికాదు. అప్పటికే మనసు నలిగి ఉన్న పిల్లలకు ఆ ఒక్క రోజు మోయలేనిదవుతుంది. ఆ నలుగుబాటును నెలల ముందే గుర్తించి సాయం అందించే వీలుంటుంది. నిపుణుల సాయం గురించి ఇంతగా చెప్పవలసి రావడానికి కారణం అదే.

సాయం ఆలస్యమయ్యే తీరు

పిల్లలు చెప్పకపోవడానికి కారణాలు ఉంటాయి. తనకు జరుగుతున్నది జబ్బని తెలియకపోవడం, అమ్మానాన్నలు అప్పు చేసి ఫీజు కట్టారన్న అపరాధ భావం, చెబితే చదువు మాన్పించేస్తారన్న భయం, ఎవరూ నమ్మరన్న నిరాశ వాటిలో ముఖ్యమైనవి. ‘నీకేం తక్కువ చేశాం’, ‘మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయి’, ‘ఫోన్ పక్కన పడేస్తే అన్నీ పోతాయి’ అన్న మాటలు ఒకసారి వినగానే చాలామంది మళ్లీ నోరు విప్పరు.

పెద్దల వైపు ముందు నిలిచే అడ్డంకి లోకభయం. తెలంగాణలో ‘ఎర్రగడ్డ’, ఉత్తరాంధ్రలో ‘చినవాల్తేరు’ అన్న ఊరి పేర్లే అక్కడి ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల కారణంగా వెక్కిరింపు మాటలుగా మారాయి. నిజానికి ఆ ఆస్పత్రుల ఓపీ విభాగాలకు వచ్చేవారిలో ఎందరో నిద్రపట్టక, దిగులుతో, భయంతో వచ్చి మందులు తీసుకుని అదే రోజు ఇంటికి వెళ్లిపోయేవారే. ఆడపిల్ల విషయంలో ‘నలుగురికీ తెలిస్తే పెళ్లెలా అవుతుంది’ అన్న ఆలోచన అడుగు ముందుకు పడనివ్వదు. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో తాయెత్తులు కట్టించడం, మంత్రం వేయించడం కూడా జరుగుతుంది. గుడికి, దర్గాకు, చర్చికి వెళ్లడం కుటుంబానికి ఊరటనిస్తే అందులో తప్పు లేదు. ఆ ఊరట కోసం వైద్యాన్ని వాయిదా వేయడం, కొట్టడం, కట్టేయడం, పస్తులుంచడం మాత్రం పిల్లలకు కీడు చేస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి

కింది పరిస్థితుల్లో ఏది కనిపించినా నిపుణులను కలవడం మంచిది.

– దిగులు, చిరాకు లేదా భయం రెండు వారాలు దాటినా తగ్గకపోవడం
– బడికి, కాలేజీకి వెళ్లనని పదేపదే మొరాయించడం, మార్కులు హఠాత్తుగా పడిపోవడం
– స్నేహితులకు, ఆటలకు, పండగలకు దూరంగా గదిలోనే ఉండిపోవడం
– నిద్ర, తిండి బాగా మారిపోవడం, బరువు తగ్గడం
– చేతుల మీద, తొడల మీద గాయాలు కనిపించడం, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కాలతో కప్పుకోవడం
– సిగరెట్, మద్యం, గంజాయి వంటి వాటి వైపు మళ్లడం
– ‘నేను లేకపోతే మీకు హాయి’ వంటి మాటలు అనడం, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టేయడం

గాయాలు కనిపించినా, చివరిది కనిపించినా వేచి చూడకూడదు. అదే రోజు సాయం తీసుకోవాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

మొదటి మెట్టు పెద్ద ఆస్పత్రే కానవసరం లేదు. ఇంటిల్లిపాదికీ తెలిసిన డాక్టరు, పిల్లల వైద్యుడు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారి కూడా తొలి పరిశీలన చేయగలరు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, కొన్ని విటమిన్ల లోపం కుంగుబాటులా కనిపించే లక్షణాలను కలిగిస్తాయి కాబట్టి ఆ పరీక్షలూ అక్కడే పూర్తవుతాయి. తర్వాత ఎవరిని కలవాలో తేల్చుకోవడానికి నిపుణుల మధ్య తేడా తెలియాలి.

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా చేసిన డాక్టరు. రోగనిర్ధారణ చేసి మందులు రాసే అధికారం ఈ వైద్యుడికి ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షల ద్వారా మనస్థితిని అంచనా వేసి, మాటల ద్వారా చికిత్స చేస్తారు. 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వీరి పేరు నమోదై ఉండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కుటుంబం, బడి, ఆర్థిక ఇబ్బందుల వైపు నుంచి సాయపడతారు. కౌన్సెలర్ అన్న పేరుతో పనిచేసేవారి అర్హతలు ఒక్కొక్కరివి ఒక్కో రకం. కొద్ది రోజుల కోర్సు చేసినవారు కూడా ఆ పేరు పెట్టుకుంటారు కాబట్టి ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. నెల రోజుల్లో నయం చేస్తామని హామీ ఇచ్చేవారిని, డాక్టరును అడగకుండా మందులు ఆపేయమని చెప్పేవారిని నమ్మకూడదు.

ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం పెద్ద కేంద్రాలు. ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న బోధనాస్పత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలు పనిచేస్తాయి. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి 1996లో జిల్లా స్థాయి విభాగం తోడైంది. 2014 జనవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కౌమార ఆరోగ్య క్లినిక్‌లను ఏర్పాటు చేసింది. ఆ కార్యక్రమం ఆరు ప్రధానాంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి.

ఆస్పత్రి దూరమైనా, వెళ్లడానికి మనసొప్పకపోయినా ఫోన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలిమానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుతుంది. తెలుగులో మాట్లాడవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు, దగ్గరలోని ఆస్పత్రి వివరాలు చెబుతారు. పిల్లల రక్షణకు సంబంధించిన ఏ కష్టానికైనా 1098 నంబరు ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న రోష్ని వంటి స్వచ్ఛంద సంస్థలు కూడా ఫోన్‌లో ఆలకించే సేవ అందిస్తున్నాయి. ఇంట్లోవాళ్లతో చెప్పుకోలేని పిల్లలు తామే నేరుగా ఈ నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

మొదటిసారి వెళ్లినప్పుడు

మొదటి సంప్రదింపు సాధారణంగా అరగంట నుంచి గంట వరకు సాగుతుంది. డాక్టరు ముందు తల్లిదండ్రులను, పిల్లను కలిపి కూర్చోబెట్టి మాట్లాడి, తర్వాత పిల్లతో విడిగా మాట్లాడతారు. ఇల్లు, చదువు, స్నేహితులు, నిద్ర, ఫోన్ వాడకం, ప్రేమలు, మత్తు పదార్థాలు, వేధింపులు, చావు ఆలోచనలు అన్నీ అడుగుతారు. విడిగా మాట్లాడడాన్ని తల్లిదండ్రులు తమ మీద అపనమ్మకంగా తీసుకోకూడదు. కన్నవాళ్ల ముందు నోరు రాని విషయాలు బయటికి వచ్చేది అప్పుడే.

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తుందేమోనన్న భయం చాలామందిలో ఉంది. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. నేరుగా, మెల్లగా అడిగితే పిల్లల గుండె బరువు కొంత దిగుతుంది. డాక్టర్లు కొన్ని ప్రశ్నావళులు కూడా వాడతారు. కుంగుబాటుకు పీహెచ్‌క్యూ–9ని కౌమార వయసుకు తగ్గట్టు మార్చిన రూపాన్ని, ఆందోళనకు జీఏడీ–7ను ఎక్కువగా ఉపయోగిస్తారు. వీటిలో వచ్చిన అంకె ఒక సూచన మాత్రమే. నిర్ధారణ డాక్టరు మాట్లాడి చేయవలసిందే.

వెళ్లేముందు కొన్ని వివరాలు రాసిపెట్టుకుంటే మేలు: మార్పు ఎప్పటినుంచి మొదలైంది, నిద్ర, తిండి ఎలా ఉన్నాయి, కుటుంబంలో ఎవరికైనా మానసిక అనారోగ్యం ఉందా, ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారు. పిల్లను మాయమాటలు చెప్పి తీసుకెళ్లకూడదు. ‘కడుపునొప్పికి చూపిద్దాం’ అని చెప్పి మానసిక వైద్యుడి ఎదుట కూర్చోబెడితే ఆ పిల్లకు డాక్టరు మీద, అమ్మానాన్నల మీద నమ్మకం పోతుంది. తొలి డాక్టరుతో మనసు కలవకపోతే మరొకరిని చూడవచ్చు. మొత్తంగా ప్రయత్నాన్నే వదిలేయకూడదు.

చికిత్సలు

తేలికపాటి కుంగుబాటుకు, ఆందోళనకు ముందు మాటల చికిత్సే సూచిస్తారు. వీటిలో ఎక్కువ పరీక్షకు నిలిచింది సీబీటీగా పిలిచే ఆలోచనా ప్రవర్తన చికిత్స. అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో దీనికి పునాది వేశారు. ‘ఒక పరీక్షలో తక్కువ వచ్చింది కాబట్టి నా బతుకే వ్యర్థం’ వంటి ఆలోచనను పట్టుకుని, దానికి ఆధారమెంత అని చికిత్సకుడితో కలిసి పరిశీలించడం నేర్పుతారు. కుంగుబాటులో మానేసిన పనులను చిన్నచిన్నగా మళ్లీ మొదలుపెట్టిస్తారు. ఆందోళనలో భయపడే సందర్భాలను మెట్టుమెట్టుగా ఎదుర్కొనేలా చేస్తారు. నలుగురిలో మాట్లాడడానికి భయపడే అమ్మాయి మొదట ఒక స్నేహితురాలితో, తర్వాత నలుగురితో, ఆపైన తరగతిలో మాట్లాడడం సాధన చేస్తుంది. సాధారణంగా వారానికొకటి చొప్పున 8 నుంచి 16 సార్లు కూర్చోవలసి ఉంటుంది. మనుషుల మధ్య సంబంధాల మీద దృష్టి పెట్టే ఐపీటీ అనే చికిత్సకు కూడా కౌమారం కోసం ప్రత్యేక రూపం ఉంది.

జబ్బు మధ్యస్థంగా లేదా తీవ్రంగా ఉన్నప్పుడు మందులు అవసరమవుతాయి. మెదడులో సెరటోనిన్ మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి మందులను ఎక్కువగా వాడతారు. కౌమార కుంగుబాటులో ఫ్లూవోక్సెటిన్‌కు బలమైన ఆధారాలు ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కుంగుబాటుకు ఫ్లూవోక్సెటిన్‌ను 8 ఏళ్లు దాటిన వారికి, ఎస్సిటాలోప్రామ్‌ను 12 ఏళ్లు దాటిన వారికి ఆమోదించింది. ఇవి నిద్రమాత్రలు కావు, మత్తుమందుల్లా వ్యసనంగా మారవు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో వికారం, తలనొప్పి, నిద్రలో మార్పు రావచ్చు. వాటిలో ఎక్కువ భాగం తగ్గిపోతాయి. తేరుకున్నాక కూడా సాధారణంగా 6 నుంచి 12 నెలలు కొనసాగించి, డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించాలి. బాగుందని ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

ఒక హెచ్చరికను దాచకూడదు. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొద్దిమంది పిల్లల్లో చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని మందుల సమాచార పత్రాల్లో గడి కట్టిన హెచ్చరికగా ముద్రించాలని ఆదేశించింది. 2007లో ఆ హెచ్చరికను 24 ఏళ్ల వయసు వరకు విస్తరించింది. దీన్ని చూసి అవసరమైన మందును వద్దనడం సరికాదు. తొలి వారాల్లో పిల్లను దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలి, డాక్టరును తరచూ కలవాలి, అశాంతి, నిద్రలేమి, విపరీతమైన హుషారు వంటి మార్పు కనిపిస్తే వెంటనే చెప్పాలి.

రెండు చికిత్సలూ కలిసినప్పుడు ఫలితం మెరుగ్గా ఉంటుందని పెద్ద అధ్యయనాలు చూపాయి. 12–17 ఏళ్ల వయసున్న 439 మంది కుంగుబాటు రోగులపై అమెరికాలో జరిపిన టాడ్స్ అధ్యయనం తొలి ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పన్నెండు వారాలకు మందు, మాటల చికిత్స రెండూ పొందిన వారిలో 71 శాతం, మందు మాత్రమే తీసుకున్న వారిలో 61 శాతం, మాటల చికిత్స మాత్రమే పొందిన వారిలో 43 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వారిలో 35 శాతం మెరుగయ్యారు. 36 వారాలు గడిచేసరికి మాటల చికిత్స పొందినవారు మందు తీసుకున్నవారితో సమానంగా నిలిచారు. ఆందోళన రుగ్మతలున్న 7–17 ఏళ్ల 488 మందిపై జరిగిన క్యామ్స్ అధ్యయనం ఫలితాలు 2008లో వచ్చాయి. అందులో రెండు చికిత్సలూ కలిపి పొందిన వారిలో 81 శాతం మెరుగుపడ్డారు.

నిద్ర, వ్యాయామం, వేళకు భోజనం, యోగా, ప్రాణాయామం చికిత్సకు తోడు నిలుస్తాయి. తీవ్రమైన జబ్బులో అవి వైద్యానికి బదులు కాలేవు.

చట్టం, గోప్యత

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018లో అమలులోకి వచ్చింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్య సేవలు పొందడం ప్రతి పౌరుడి హక్కని ఈ చట్టం చెబుతుంది. 18 ఏళ్లు నిండని వారి తరఫున తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకులు సమ్మతి ఇస్తారు. ఆస్పత్రిలో చేర్చుకోవడం తప్పనిసరైతేనే నిపుణుల పరీక్ష తర్వాత చేర్చుకోవాలి. పిల్లలను పెద్దల వార్డులో ఉంచకూడదు, తోడుగా సంరక్షకులు లేదా వారు ఏర్పాటు చేసినవారు ఉండాలి. విద్యుత్ ప్రకంపన చికిత్సను సంరక్షకుల సమ్మతి, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి లేకుండా పిల్లలకు ఇవ్వడం నిషిద్ధం. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తించాలని కూడా ఈ చట్టం నిర్దేశించింది.

రోగి వివరాలను గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. కాలేజీకి, బంధువులకు, ఇరుగుపొరుగుకు చెప్పే హక్కు ఆస్పత్రికి లేదు. పిల్ల విడిగా చెప్పిన విషయాలను సైతం తల్లిదండ్రులకు ఎంతవరకు చెప్పాలో మంచి వైద్యులు ముందే పిల్లతో మాట్లాడుకుంటారు. ప్రాణహాని ఉన్నప్పుడు, లైంగిక వేధింపు బయటపడినప్పుడు మాత్రం గోప్యత వర్తించదు. లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి విషయం తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి.

ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతుంది. పోలీసు కేసు భయంతో పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లడంలో ఒక్క నిమిషం కూడా జాప్యం చేయనవసరం లేదు.

అత్యవసర పరిస్థితి

చనిపోవాలని ఉందని పిల్ల చెప్పినా, తనను తాను గాయపరచుకున్నా ఒంటరిగా వదలకూడదు. తిట్టడం, ఒట్టు వేయించుకోవడం, సవాలు చేయడం ప్రమాదకరం. హాని చేసుకునేందుకు ఉపయోగపడే వస్తువులను, ఇంట్లోని మందులను, పురుగుమందులను అందకుండా తీసేయాలి. 108కి ఫోన్ చేసి లేదా సొంతంగా దగ్గరలోని ఆస్పత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. దారిలో 14416కు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. ప్రమాదం గడిచాక ఇంటికి తెచ్చి ఊరుకోకుండా మానసిక వైద్యుడి దగ్గర చికిత్స మొదలుపెట్టాలి. తర్వాతి వారాలు కూడా జాగ్రత్తగా చూసుకోవలసిన కాలమే.

బడి, కాలేజీల బాధ్యత

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను, సైకాలజిస్ట్‌ను లేదా సోషల్ వర్కర్‌ను నియమించాలి. మార్కుల ప్రకారం బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలిమానస్ వంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి. తెలుగు నేల మీది ఒక విషాదం నుంచి వచ్చిన ఈ తీర్పు అమలవుతోందా అని అడిగే హక్కు ఇక్కడి ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. కాలేజీలో చేర్పించేటప్పుడు ర్యాంకుల పట్టికతో పాటు కౌన్సెలర్ ఎవరు, వారి అర్హత ఏమిటి, పిల్ల ఇంటికి ఎప్పుడెప్పుడు ఫోన్ చేయవచ్చు అని కూడా అడగాలి.

కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు ఆరోగ్య దూతలుగా శిక్షణ ఇవ్వాలని సంకల్పించింది. అయితే టీచర్లకే అన్నీ అప్పగించడం సరిపోదు. బిహార్‌లోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జరిగిన సెహెర్ ప్రయోగం ఈ విషయంలో విలువైనది. శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు పనిచేసిన బడుల్లో వాతావరణం మెరుగుపడి, విద్యార్థుల్లో కుంగుబాటు, ఏడిపింపులు తగ్గాయి. అదే పనిని టీచర్లకు అప్పగించిన బడుల్లో అలాంటి ఫలితం రాలేదు. బడికంటూ ఒక మనిషిని ఇదే పనికి నియమించాలన్నది అక్కడ నేర్వవలసిన పాఠం. ఆ మనిషి పెద్ద డిగ్రీ ఉన్నవారే కానవసరం లేదని, మంచి శిక్షణ, పర్యవేక్షణ ఉంటే చాలునని కూడా ఆ ప్రయోగం చూపింది. విజయవాడ, ఢిల్లీ మురికివాడల్లోని కౌమార పిల్లల కోసం జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేపట్టిన ఆర్టెమిస్ ప్రాజెక్టు కూడా ఇదే కోవలోది. మానసిక జబ్బుల మీద చిన్నచూపును తగ్గించే ప్రచారాన్ని, ఆరోగ్య కార్యకర్తలకు డిజిటల్ ఉపకరణాల సాయాన్ని అది జోడించింది.

కుటుంబం చేయగలిగింది

మాట మొదలుపెట్టడానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ‘నాన్నా, ఈమధ్య నువ్వు సరిగ్గా తినడం లేదు, నిద్రపోవడం లేదు. నాకు దిగులుగా ఉంది. ఏమైనా సరే చెప్పు, నేను కోప్పడను’ అంటే చాలు. పక్కపక్కన కూర్చుని బండిలో వెళుతున్నప్పుడో, వంటింట్లో పని చేసుకుంటున్నప్పుడో పిల్లలు తేలిగ్గా మాట్లాడతారు. చెప్పినప్పుడు పరిష్కారం చెప్పాలన్న తొందర పడకుండా వినాలి. అక్క కొడుకుతోనో, పక్కింటి పిల్లతోనో పోల్చకూడదు. చికిత్స సాగుతున్నన్నాళ్లు చదువు లక్ష్యాలను తగ్గించడానికి, అవసరమైతే ఒక ఏడాది ఆగడానికి కూడా సిద్ధపడాలి. నాన్నగారు మందులు అక్కర్లేదంటుంటే, అమ్మ చాటుగా ఇస్తుంటే చికిత్స ముందుకు సాగదు. ఇద్దరూ కనీసం ఒకసారి కలిసి డాక్టరు దగ్గర కూర్చోవడం అవసరం.

తాతయ్య, బాబాయి, మేనమామ, పిన్ని వంటి దగ్గరివాళ్లు కొన్నిసార్లు తల్లిదండ్రుల కంటే ముందే బాధను పసిగడతారు. అలాంటి ఒక్క పెద్దమనిషి పిల్ల పక్షాన నిలిచి ‘పద, నేను వస్తాను డాక్టరు దగ్గరికి’ అంటే దారి తెరుచుకుంటుంది. స్నేహితుల పాత్రా తక్కువది కాదు. తోటి విద్యార్థి చావు మాటలు చెప్పి ‘ఎవరికీ చెప్పకు’ అని ఒట్టు వేయించుకున్నా, నమ్మదగిన పెద్దవారికి చెప్పడమే నిజమైన స్నేహం. ఆ సంగతి పిల్లలందరికీ ముందే తెలియజేయాలి.

విదేశాల్లోని తెలుగు కుటుంబాలు

అమెరికా వంటి దేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు బడిలోనే కౌన్సెలర్లు ఉంటారు. 12–18 ఏళ్ల వారందరినీ కుంగుబాటు విషయంలో, 8–18 ఏళ్ల వారిని ఆందోళన విషయంలో పరీక్షించాలని అమెరికా నిపుణుల సంఘం 2022లో సిఫారసు చేసింది. ఆ దేశంలో 2022 జులై నుంచి 988 నంబరు అత్యవసర మానసిక సహాయానికి పనిచేస్తోంది. అక్కడి ఇళ్లలో కష్టం తరచూ మరో చోట ఉంటుంది. పిల్లలు తమ బాధను ఆ దేశపు మాటల్లో చెబుతారు, తల్లిదండ్రులు తాము పెరిగిన తీరుతో దాన్ని కొలుస్తారు. పిల్లల వైద్యుడి దగ్గర ఏటా జరిగే పరీక్షలో ఈ విషయం ఎత్తడం అందరికీ సులువైన ఆరంభం.

ముందున్న పని

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు చట్టం ఉంది, సుప్రీంకోర్టు ఆదేశం ఉంది, తెలుగులో మాట్లాడే ఉచిత ఫోన్ సేవ ఉంది, పనిచేస్తాయని తేలిన చికిత్సలు ఉన్నాయి. కొరతగా ఉన్నది వీటికీ పిల్లలకూ మధ్య దారి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో పిల్లల మానసిక వైద్యానికి నిర్ణీత రోజులు, ప్రతి జూనియర్ కాలేజీలో అర్హత గల కౌన్సెలర్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆశా కార్యకర్తలకు శిక్షణ, పదో తరగతి లోపే మానసిక ఆరోగ్యం గురించి పాఠం వస్తే ఆ దారి చాలావరకు పూర్తవుతుంది. ఇవన్నీ ప్రభుత్వాలు, విద్యాసంస్థలు చేయవలసినవి. అప్పటిదాకా కూడా ఆగనక్కరలేని పని ఒకటుంది. రెండు వారాలుగా మనిషి మారిపోయిన పిల్ల ఇంట్లో ఉంటే, ఈ వారంలోనే ఒక డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అది వీలుకాకపోతే ఈ రోజే 14416కు ఒక ఫోన్ చేయాలి.